డబ్బా మీది రంగు

పురుగుమందు డబ్బా మీద కోణం మీద నిలబెట్టిన చిన్న చతురస్రం ఒకటుంటుంది. దాని కింది సగం ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో ఉంటుంది. ఆ రంగును తేల్చేది ఎలుక. మందు తాగించిన ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టాయన్నదే లెక్క: 50 దాకా ఎరుపు, 500 దాకా పసుపు. 1971 నాటి మన నిబంధనల్లోకి వచ్చిన ఈ కొలతను 1927లో బ్రిటన్‌లో ట్రెవన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అదీ పురుగుమందుల కోసం కాదు, డిజిటాలిస్, ఇన్సులిన్ లాంటి ఔషధాల బలం సరిచూసుకోవడానికి.

శవాలను లెక్కపెట్టే ఈ కొలతకు నరాల గోడు పట్టదు.

1944లో జర్మనీలో ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పారాథియాన్ అనే పురుగుమందు తయారుచేశాడు. నరం నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్‌ను, పని అయ్యాక విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. ఈ జాతి మందులు దాన్ని కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు. ఎలుకకు చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. పురుగుమందు తాగినవాళ్లను చూసిన నర్సులకు ఈ వరస కొత్తేం కాదు. ఇదే కుటుంబంలో కొన్ని మాత్రం రెండు మూడు వారాలాగి కాళ్లు చచ్చుబడేలా చేస్తాయి. ఎలుకలో ఆ జబ్బు సరిగా బయటపడదు, అందుకని ఆ పరీక్షకు కోడిపెట్టను తెచ్చుకున్నారు!

1980లో వెర్‌షోయిల్, ఆల్‌డ్రిడ్జ్ అనే శాస్త్రవేత్తలు ఎలుక ఎలా బాధపడుతోందో చూసి, పైరెత్రాయిడ్లనే మరో జాతి పురుగుమందులను రెండు రకాలుగా విడదీశారు. కొన్ని మందులకు ఒళ్లంతా వణుకు. సైపర్‌మెత్రిన్ లాంటివాటికి చొంగ, ఒళ్లు మెలికలు తిరగడం.

నా దృష్టిలో అసలు మలుపు స్వీడన్‌లోని ఉప్సలాలో వచ్చింది. 1990ల తొలినాళ్లలో ఎరిక్సన్ అనే శాస్త్రవేత్త బృందం పది రోజుల చిట్టెలుక పిల్లలకు కిలోకు అర మిల్లీగ్రాము డీడీటీ, అదీ ఒక్కసారే ఇచ్చింది. పిల్లలు నలతపడలేదు, మామూలుగానే పెరిగాయి. నాలుగు నెలలకు వాటిని కొత్త బోనులో వదిలారు. మామూలు చిట్టెలుక కాసేపు అటూ ఇటూ తిరిగి, వాసన చూసి, సర్దుకుంటుంది. ఇవి సర్దుకోలేదు.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త స్లాట్కిన్ క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందుతో ఇలాంటి పనే చేశాడు. పైకి జబ్బు కనిపించని మోతాదుకే ఎలుక పిల్లల మెదడులో కణాల వృద్ధి దెబ్బతింది. 2000లో అక్కడ ఇళ్లలో దాని వాడకాన్ని దాదాపుగా ఆపించారు. మన దగ్గర కొత్త ఇంటి పునాదుల్లో చెదలకు పోసే మందుల్లో అదీ ఒకటి. డబ్బా మీద రంగు పసుపు.