నౌపడ నుంచి న్యాయస్థానానికి: వివాహ విచ్ఛేదనలో జాప్యం - ఒక చారిత్రక పరిశీలన

ఇస్లామీయ ధర్మశాస్త్రం వివాహాన్ని పవిత్రమైన ఒడంబడికగా పరిగణిస్తుంది. ఆ ఒడంబడిక నిలవనప్పుడు దాన్ని మర్యాదగా ముగించే మార్గాన్ని కూడా అదే ధర్మశాస్త్రం చూపింది. పురుషునికి తలాఖ్, స్త్రీకి ఖులా, ఉభయుల సమ్మతితో ముబారాత్, న్యాయాధికారి తీర్పుతో ఫస్ఖ్ - ఇవీ ఆ మార్గాలు. అయితే గత నూట యాభై ఏళ్ల చరిత్రను పరిశీలిస్తే ఒక విచిత్రమైన అసమానత కనిపిస్తుంది. పురుషుడు నడిచే దారి ఒక్క క్షణంలో ముగిసేంత పొట్టిదైంది. స్త్రీ నడవవలసిన దారి మాత్రం ఏళ్లు పట్టేంత పొడుగైంది. షరీఅత్ ఆదేశించినవి ఈ రెండూ కావు. ఈ స్థితి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి నౌపడ వంటి మారుమూల తీరగ్రామం నుంచి చూడటం ఉపయోగకరం.

ఖాజీ పదవికి పట్టిన గతి

ఉప్పు కొఠార్లకు పేరుబడిన నౌపడ పూర్వం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంతకు చాలా ముందు, గోల్కొండ సుల్తానుల కాలం నుంచి చికాకోల్ అనగా నేటి శ్రీకాకుళం ఒక సర్కారుకు ముఖ్యస్థానంగా ఉండేది. 1765లో షా ఆలం చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు కుంఫినీ వారి పరమయ్యాయి.

ముస్లిం పాలనలో ఖాజీ కేవలం నికాహ్ చదివే వ్యక్తి కాడు. అతడు న్యాయాధికారి. భర్త పోషించకపోయినా, హింసించినా భార్య ఫిర్యాదు వినవలసినవాడు అతడే. కుంఫినీ న్యాయస్థానాలలో కూడా చాలాకాలం ఖాజీలు, ముఫ్తీలు ధర్మశాస్త్ర అధికారులుగా ఉండేవారు. 1864 నాటి 11వ చట్టం ఆ వ్యవస్థకు ముగింపు పలికింది. ఖాజీలను నియమించడం ప్రభుత్వానికి తగదని ప్రకటించి, పూర్వపు శాసనాలను రద్దు చేసింది.

దీనివల్ల ఏర్పడిన లోటును పూరించాలని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గవర్నర్ జనరల్ శాసనమండలిలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అదే 1880 నాటి ఖాజీల చట్టం. ఈ చట్టం మొట్టమొదట అమలైంది మద్రాసు రాజధానిలోనే. ఇతర రాష్ట్రాలకు అవసరాన్ని బట్టి విస్తరించే వీలు కల్పించారు. కాబట్టి గంజాం జిల్లా ముస్లింలు ఈ చట్టం పరిధిలోకి తొలినాళ్లలోనే వచ్చారు. కాని ఆ చట్టంలోని 4వ సెక్షన్ అసలు సంగతి చెబుతుంది: నియామకం పొందినంత మాత్రాన ఖాజీకి న్యాయాధికారం గాని పరిపాలనాధికారం గాని రాదు. అతడు లేకపోయినా వివాహం చెల్లుతుంది. ఆ విధంగా ఖాజీ పేరు మిగిలింది, తీర్పు చెప్పే అధికారం పోయింది. తలాఖ్ చెప్పదలచిన భర్తకు న్యాయాధికారితో పని లేదు గనుక ఈ మార్పు అతన్ని బాధించలేదు. ఫస్ఖ్ కోరే భార్యకు మాత్రం వెళ్లవలసిన తలుపే మూసుకుపోయింది.

దేశాంతరం పోయిన భర్త

ఈ నష్టం ఉత్తర కోస్తాలో ప్రత్యేకంగా ఆలోచించదగినది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది మంది కూలీలు గోపాలపూర్, బారువ, కళింగపట్నం రేవుల ద్వారా రంగూన్ వెళ్లేవారు. కొందరు డబ్బు పంపారు, కొందరు తిరిగి వచ్చారు, కొందరి జాడ తెలియలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడిన తర్వాత లక్షలాది భారతీయులు బర్మా విడిచి కాలినడకన, ఓడలలో బయలుదేరారు. దారిలో మరణించినవారెందరో. ఇటువంటి ప్రాంతంలో జాడ తెలియని భర్తను గూర్చిన ప్రశ్న గ్రంథాలకు పరిమితమైన చర్చ కాదు.

హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రచారంలో ఉన్న అభిప్రాయం ప్రకారం అటువంటి భర్త సమవయస్కులు గతించేవరకు, ఒక లెక్కన అతనికి 90 ఏళ్లు నిండేవరకు భార్య వేచి ఉండాలి. యౌవనంలో ఉన్న స్త్రీకి ఇది జీవితకాల నిరీక్షణ. మాలికీ ధర్మశాస్త్రవేత్తలు మాత్రం ఖాజీ విచారణ జరిపి నాలుగేళ్ల గడువు విధించాలనీ, ఆ తర్వాత ఆమె భర్త మరణించిన స్త్రీవలె ఇద్దత్ గడపాలనీ అన్నారు.

ఉలమాల కృషి, 1939 చట్టం

పంజాబు మొదలైన ప్రాంతాలలో వేరే దారి లేని కొందరు స్త్రీలు వివాహబంధం నుంచి బయటపడటానికి ఇస్లాంనే విడిచిపెడుతున్నట్లు ప్రకటించసాగారు. న్యాయస్థానాలు ఆ ప్రకటన ఆధారంగా వివాహం రద్దయినట్లు తీర్పు చెప్పేవి. ధర్మం కల్పించిన హక్కు ఆచరణలో అందనందున ధర్మమే వదిలే పరిస్థితి రావడం ఉలమాలను కలవరపరచింది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల ఆరంభంలో ‘అల్ హీలతున్నాజిజా’ అనే గ్రంథం వెలువరించారు. మదీనాలోని మాలికీ పండితుల అభిప్రాయాలు తెప్పించుకుని, అవసరం ఏర్పడినచోట మాలికీ మార్గాన్ని అనుసరించవచ్చునని ఆయన నిర్ణయించారు. హనఫీ పండితుడు తన మజ్‌హబ్‌ను గౌరవిస్తూనే మరొక మజ్‌హబ్ నుంచి పరిష్కారం తీసుకోవడం ఇందులోని విశేషం. అంతకుముందే 1917లో ఉస్మానియా సామ్రాజ్యపు కుటుంబ చట్టం ఇటువంటి బాటలో నడిచింది.

1936లో ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. ఇంతలో 1937 షరీఅత్ చట్టం తన 5వ సెక్షన్‌లో జిల్లా న్యాయమూర్తికి వివాహ రద్దు అధికారం ఇచ్చింది. 1939 మార్చి 17న ముస్లిం వివాహాల రద్దు చట్టం రావడంతో ఆ సెక్షన్ తొలగిపోయింది.

1939 చట్టం కారణాలను లెక్క కట్టినట్లు పేర్కొన్నది: నాలుగేళ్లు భర్త జాడ తెలియకపోవడం, రెండేళ్లు పోషణ ఇవ్వకపోవడం, ఏడేళ్లు లేక అంతకు మించిన జైలుశిక్ష, సహేతుక కారణం లేకుండా మూడేళ్లు వైవాహిక విధులు నెరవేర్చకపోవడం, క్రూరత్వం మొదలైనవి. జాడ తెలియని భర్త విషయంలో తీర్పు ఆరు నెలల తర్వాతనే అమలులోకి వస్తుంది. ఆలోగా అతడు వచ్చి తన విధులు నిర్వర్తించడానికి సిద్ధమని న్యాయస్థానానికి నమ్మకం కలిగిస్తే తీర్పు రద్దవుతుంది. అతని వారసులకు నోటీసు ఇవ్వాలి. పినతండ్రి, సోదరుడు ఉంటే వారిని కక్షిదారులుగా చేర్చాలి. ఈ చట్టం ఆమె మహర్ హక్కును తగ్గించలేదు.

విచారణ జరిపే న్యాయాధికారి ముస్లిం అయి ఉండాలన్న నిబంధన మాత్రం బిల్లు నుంచి తొలగింపబడింది. ఉలమాలకు ఇది తీవ్ర అసంతృప్తి కలిగించింది. బీహారులో 1921లో మౌలానా అబుల్ మహాసిన్ ముహమ్మద్ సజ్జాద్ చొరవతో ఏర్పడిన ఇమారతె షరీఅ తన దారుల్ ఖజాల ద్వారా ఈ లోటు తీర్చే ప్రయత్నం చేసింది. దాని కార్యక్షేత్రం నౌపడకు పొరుగున ఉన్న ఒడిశా వరకు వ్యాపించింది. 2014లో సుప్రీంకోర్టు ఇటువంటి సంస్థలు చట్టవిరుద్ధం కావని, కాని వాటి నిర్ణయాలను ఎవరిమీదా బలవంతంగా అమలు చేయరాదని తీర్పు చెప్పింది.

త్వరితం ఏది, తొందర ఏది?

దివ్య ఖుర్ఆన్ విడాకులలో కాలాన్ని ఒక న్యాయసాధనంగా ఉపయోగించింది. తలాఖ్ ఇద్దత్‌ను దృష్టిలో ఉంచుకుని ఇవ్వాలి (65:1). విభేదాలు ముదిరితే ఇరుపక్షాల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించాలి (4:35). ఉంచుకుంటే మంచితనంతో ఉంచుకోవాలి, విడిచిపెడితే మర్యాదతో విడవాలి (2:229). ఈ గడువులు ఆలోచనకు, రాజీకి. మూడుసార్లు ఒకే మాట అని ఈ గడువులను దాటవేయడం తొందరపాటు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తక్షణ మూడు తలాఖ్‌ను చెల్లనిదిగా ప్రకటించింది. 2019 చట్టం దాన్ని మూడేళ్ల వరకు శిక్షకు అర్హమైన నేరం చేసింది.

కాని భర్త చేతిలోని తొందరను ఆపినంత మాత్రాన భార్య ఎదురుచూపు తగ్గదు. సాబిత్ బిన్ ఖైస్ (ర) భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చినప్పుడు భర్త ధర్మనిష్ఠలో గాని స్వభావంలో గాని లోపం ఎంచలేదు. అతనితో కాపురం సాగించలేనని మాత్రమే విన్నవించింది. మహర్‌గా పొందిన తోట తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. వెంటనే విడుదల లభించింది. ఏళ్ల తరబడి సాక్ష్యాలు కోరిన ప్రసక్తి లేదు.

ఈ స్ఫూర్తిని ఆధునిక శాసనంలో ప్రవేశపెట్టిన దేశాలు ఉన్నాయి. ఈజిప్టులో 2000 సంవత్సరపు 1వ చట్టం రాజీ ప్రయత్నానికి మూడు నెలలు మించని గడువు పెట్టి, మహర్ తిరిగి ఇచ్చిన భార్యకు ఖులా తీర్పు ఇవ్వాలన్నది. ఆ తీర్పుపై అప్పీలు లేదు. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో ఖుర్షీద్ బీబీ కేసులో ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదన్నది. భారతదేశంలో కేరళ హైకోర్టు 2021లో న్యాయస్థానానికి వెలుపలి ఖులాను గుర్తించింది. మద్రాసు హైకోర్టు 2023లో ప్రైవేటు షరీఅత్ మండలి ఇచ్చిన ఖులా పత్రాన్ని కొట్టివేసి, కుటుంబ న్యాయస్థానానికి వెళ్లమన్నది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా కోరే హక్కు భర్త అంగీకారంపై ఆధారపడదని స్పష్టం చేసింది. కోరిక నిజమైనదా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇవ్వజూపిందా అన్నవి మాత్రమే సంక్షిప్తంగా విచారిస్తే కుటుంబ న్యాయస్థానానికి చాలునన్నది.

ఈ చరిత్ర నుంచి కొన్ని విషయాలు తేటపడతాయి. మొదటిది, నికాహ్ సమయంలోనే తఫ్వీజె తలాఖ్ షరతు, అనగా నిర్దిష్ట పరిస్థితులలో భార్య తనకు తాను తలాఖ్ ఇచ్చుకునే అధికారం, నికాహ్‌నామాలో వ్రాసుకుంటే రేపటి వ్యాజ్యం చాలావరకు తప్పుతుంది. హనఫీ ఫిఖ్‌హ్ దీన్ని పూర్వం నుంచీ అంగీకరించింది. రెండవది, మధ్యవర్తుల ప్రయత్నానికి ముందే గడువు నిర్ణయించాలి. గడువు లేని రాజీ కొంతకాలానికి నిర్బంధంగా మారుతుంది. మూడవది, ముబారాత్, ఖులా ఒప్పందాలను తేదీతో, సాక్షుల సంతకాలతో, మహర్, పిల్లల పోషణ వివరాలతో వ్రాయాలి. ఖాజీ ఇచ్చిన ధ్రువపత్రానికి 1880 చట్టం తీర్పు బలం ఇవ్వదు. కనుక ఆ పత్రం ఆధారంగా కుటుంబ న్యాయస్థానంలో వైవాహిక స్థితిపై ప్రకటన పొందడం మంచిది.

చికాకోల్‌లో ఖాజీ కచేరి ఉన్న నాడు గాని, నేడు గాని బాధితురాలు కోరేది ఒకటే: తన మాట వినే అధికారి, ముగింపు ఉన్న గడువు. 1864లో పోయిన ఆ తలుపును 1939లో కొంత తెరిచారు. నౌపడ వంటి ఊళ్లలోని స్త్రీకి అది అందుబాటులో ఉందా లేదా అన్నది చట్టంతో పాటు జమాఅత్ పెద్దల శ్రద్ధపైన కూడా ఆధారపడి ఉంది. స్త్రీని భార్యగానూ ఉంచక, విడిచీ విడవక మధ్యలో వేలాడదీయరాదన్నది దివ్య ఖుర్ఆన్ (4:129) బోధ. విడాకుల విధానంలో వేగాన్ని గాని నిదానాన్ని గాని కొలవవలసిన కొలబద్ద అదే.