మూడో రాత్రి దాటిన ఖుర్బానీ గోష్త్



బక్రీద్ దగ్గరపడితే మన ఇళ్లలో రెండు సవాళ్లు మొదలవుతాయి. జానవర్ ఎంతలో దొరుకుతుంది? గోష్త్ ఎక్కడ పెట్టాలి? జానవర్ గురించిన మసాయిల్ దాదాపు అందరికీ తెలుసు. మేకకి ఏడాది నిండాలి, కుంటిదీ గుడ్డిదీ పనికిరాదు, ఈద్ నమాజ్‌కి ముందే జబహ్ చేస్తే అది ఉత్త మాంసమే. గోష్త్ దాచుకోవడం వెనక ఉన్న తారీఖ్ మాత్రం తక్కువమంది చెబుతారు.

ఒక ఏడాది ఆకలికి తాళలేక ఎడారి బద్దూ కుటుంబాలు సరిగ్గా ఈద్ సమయానికి మదీనా చేరాయి. అప్పుడు రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మూడు రోజులకు మించి గోష్త్ దాచుకోవద్దని, మిగిలింది సదఖా చేయమని హుకుం ఇచ్చారు. మరుసటి ఏడు సహాబాలు తమ ఇబ్బంది చెప్పుకున్నారు. కొవ్వు కరిగించి పెట్టుకోవడం, తోళ్లతో మష్క్‌లు కుట్టుకోవడం వాళ్ల అలవాటు. ఆ వచ్చిన పేదల కోసమే ఆపానని చెప్పి, తినడానికీ దాచుకోవడానికీ సదఖా చేయడానికీ ఆయన ఇజాజత్ ఇచ్చారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) రివాయత్ ఇది.

గోష్త్ పాడవుతుందనే ఆ నిషేధం వచ్చిందని కొందరు అనుకుంటారు. కాదు. మాంసం ఎండబెట్టడం అరబ్బులకు బాగా తెలుసు. అయ్యామె తష్రీఖ్ అన్న పేరుకి ఉలమా చెప్పే అర్థాల్లో ఒకటి అదే: గోష్త్‌ని పేలికలుగా కోసి ఎండలో పరచడం. మన తెలంగాణలో దండెం మీద ఒట్టి తునకలు ఆరేసే దాదీ, నానీలు చేసేదీ అదే పని. హజ్రత్ ఆయిషా ఇంట్లో పాయాలు దాచి పదిహేను రోజుల తర్వాత తినేవారట. అంత అవసరం ఏమొచ్చిందని అడిగితే ఆమె నవ్వి, రసూలుల్లాహ్ ఇంటివారు వరుసగా మూడు రోజులు గోధుమ రొట్టె, కూరతో కడుపు నిండా తిన్నది లేదన్నారు. దాచుకోవడం ఆ ఇంట్లో దౌలత్ వల్ల కాదు, తంగీ వల్ల.

ఇజాజత్ వచ్చాక కూడా మాట అక్కడితో ఆగలేదు. హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు) ఒక ఈద్ ఖుత్బాలో పాత మూడు రోజుల నిషేధాన్నే మళ్లీ గుర్తుచేశారు. ఇది బుఖారీలో ఉంది. అది హిజ్రీ 35లో, హజ్రత్ ఉస్మాన్ ఇంటిని ఫితనాకారులు ముట్టడించిన రోజుల మాట అనీ, అప్పుడు కూడా బద్దూలు ఆకలితో మదీనాకి వచ్చారనీ ఇబ్నె హజ్మ్ వివరణ. హజ్రత్ ఇబ్నె ఉమర్ అయితే మినా నుంచి బయలుదేరాక ఖుర్బానీ గోష్త్ ముట్టక, జైతూన్ నూనెతో రొట్టె తినేవారు.

ఈ రివాయతులన్నిటినీ ముందు పెట్టుకుని ఇమామ్ షాఫిఈ (వఫాత్ హిజ్రీ 204) తన అర్రిసాలాలో ఒక మాట అన్నారు. ఆకలిగొన్నవాళ్లు ఊరికి వస్తే నిషేధం ఉంటుంది, రాకపోతే ఇజాజత్ ఉంటుంది. అది పూర్తిగా మన్సూఖ్ అయి ఉండవచ్చన్న వీలుని కూడా ఆయన వదల్లేదు. నాకు మొదటి మాటే బలంగా అనిపిస్తుంది. మన హనఫీ ఫిఖ్హ్‌లో మూడు హిస్సాలు చేయడం ముస్తహబ్, వాజిబ్ కాదు. పెద్ద కుటుంబం, చిన్న సంపాదన ఉన్నవాళ్లు మొత్తం ఇంట్లోనే ఉంచుకున్నా గునాహ్ లేదు. మన్నత్ ఖుర్బానీ సంగతి వేరు, దాంట్లో ఒక్క బోటీ కూడా తాము తినకూడదు. ఇక తెలిసినవాళ్లకే పంచి, వాళ్ల ఇంటి నుంచి అంతే గోష్త్ వాపస్ తెచ్చుకుని ఫ్రీజర్ నింపడాన్ని ఏ హిస్సా అనాలో!

దీనికి పూర్తి ఉల్టా పరిస్థితి ఇటీవలి కాలంలో మినాలో వచ్చింది. హాజీలు లక్షల్లో పెరిగారు. జబహ్ అయిన జానవర్లని తినేవాళ్లు లేక, దాచే చోటు లేక గుంటలు తీసి పూడ్చేసేవారు. 1983లో సౌదీ ప్రభుత్వం ఈ బాధ్యతను ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకుకి అప్పగించింది. అప్పటి నుంచి హాజీ కూపన్ కొంటాడు, జబహ్ కబేళాలో జరుగుతుంది. గోష్త్‌లో కొంత హరమ్ పరిసరాల పేదలకు వెళుతుంది, మిగతాది గడ్డకట్టించి ఓడల్లో ఆసియా, ఆఫ్రికా దేశాలకు పంపుతారు. అది అక్కడి పేదల చేతికి చేరేసరికి మూడో రాత్రి దాటి చాలా రోజులవుతుంది.