భోజనవేళ ఇన్సులిన్

తిండితో రక్తంలో పెరిగే చక్కెరను అదుపు చేయడానికి పూటపూటకూ వేసుకునే, త్వరగా పనిచేసే ఇన్సులిన్. ఊళ్లలో ఏ రకమైనా షుగరు సూదే.

1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ ఇచ్చారు. అది సరిగా పనిచేయలేదు. జేమ్స్ కాలిప్ శుద్ధిచేసిన మందు అదే నెల 23న పనిచేసింది. తొలినాళ్ల ఇన్సులిన్ ప్రభావం కొద్ది గంటలే కాబట్టి రోజుకు రెండు మూడు సూదులు తప్పేవి కావు. 1936లో డెన్మార్క్‌కు చెందిన హాగెడార్న్ ప్రొటమిన్ కలిపి దాన్ని నెమ్మదింపజేశాక సూదుల సంఖ్య తగ్గించడమే లక్ష్యమైంది. 1993లో డీసీసీటీ అనే మధుమేహ పరిశోధన ఆ ధోరణిని తిప్పింది. టైప్ 1 రోగుల్లో, ఎక్కువ సూదులు పడినా సరే, చక్కెరను గట్టిగా అదుపులో పెడితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని అది తేల్చింది.

సాధారణ ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున జట్టుకట్టి ఉంటాయి. చర్మం కింద విడివడితేగాని రక్తంలో కలవవు. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. 1996లో అమెరికాలో అనుమతి పొందిన లిస్‌ప్రోలో బి గొలుసులోని 28, 29 స్థానాల్లో ఉండే ప్రోలీన్, లైసీన్‌లను తారుమారు చేశారు. దాంతో జట్టు తేలిగ్గా విడిపోయి, పావుగంటలోపే పని మొదలవుతుంది. తర్వాత ఆస్పార్ట్, గ్లులిసిన్ వచ్చాయి.

ఈ తేడా గుంటూరు, ప్రకాశం మిరప చేలల్లో చాలా పెద్దది. కోతల రోజుల్లో తిండివేళ కూలీల చేతుల్లో ఉండదు. సూది వేసుకున్నాక క్యారేజీ విప్పడం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. ఆ చెమటను ఎండ చెమట అనుకునే ప్రమాదముంది. వేడికి మందు రక్తంలోకి మరింత త్వరగా చేరుతుంది కూడా. పళ్లెంలో కారం లెక్కకు రాదు, దాని వెంట కలిపే అన్నమే వస్తుంది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన సాంబమసూరి (బీపీటీ 5204) నుంచి అభివృద్ధి చేసిన మెరుగైన సాంబమసూరి గ్లైసెమిక్ సూచిక (తిండి చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే కొలత) సుమారు 51. బియ్యంలో అది తక్కువే, అయినా డోసు లెక్క తప్పదు.

తెరవని మందును 2–8 డిగ్రీల చలువలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. వాడుకలో ఉన్న పెన్నులు చాలావరకు 30 డిగ్రీల లోపు 28 రోజులు నిలుస్తాయి. వేసవిలో నలభై దాటే ఈ మైదానంలో కరెంటు పోతే అదీ కష్టమే. మన దేశంలో సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నులు 100వి. 40 సిరంజితో 100 మందు తీస్తే రెండున్నర రెట్ల డోసు పడుతుంది.