నేల తల్లి దాచుకున్నది

భూదేవికి ఓర్పెక్కువ అంటారు. ఏం పోసినా కడుపులో దాచుకుంటుందట. చెర్నోబిల్ సంగతులు చదివాక మాత్రం, దాచుకోవడంలో ఆవిడకూ కొన్ని పద్ధతులున్నాయి సుమా అనిపించింది నాకు.

1986 ఏప్రిల్ 26న, అర్ధరాత్రి దాటాక, సోవియట్ ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్‌లో నాలుగో రియాక్టరు పేలింది. సీజియం ఆవిరై, గాలినెక్కి స్వీడన్ దాకా పోయింది. స్ట్రాన్షియం చాలామటుకు యురేనియం ఇంధనపు నలుసుల్లో చిక్కుకుని ఆ చుట్టుపక్కలే రాలింది.

అసలు వింత ఆ తర్వాత మట్టిలో జరిగింది. సీజియానిది పొటాషియం పోలిక, స్ట్రాన్షియానిది కాల్షియం పోలిక. పాపం, మొక్కలు ఆ పోలికకే మోసపోతాయి. అయితే బంకమట్టి ఉన్నచోట సీజియం దాని పొరల మధ్య ఇరుక్కుపోయి, ఏళ్లు గడిచేకొద్దీ మొక్కలకు అందడం తగ్గింది. స్ట్రాన్షియం తీరు వేరు. మొదట నలుసుల్లో బుద్ధిగా కూర్చుంది. అవి మెల్లమెల్లగా కరిగేకొద్దీ బయటపడి వేళ్లకు అందింది.

బంకమట్టి తక్కువగా ఉండే చిత్తడి నేలల్లో సీజియం గడ్డిలోంచి ఆవుల్లోకి, ఆవుల్లోంచి పాలలోకి వచ్చేసింది. అందుకని ఆవులకు ప్రష్యన్ బ్లూ అనే నీలిమందు పెట్టారు. అది కడుపులోనే సీజియాన్ని పట్టుకుని పేడతో పంపించేస్తుంది.

ఈ రెండింటి ఉధృతీ సగానికి తగ్గాలంటే సుమారు 30 ఏళ్లు పట్టాలి. ఆనాడు పుట్టిన ఆడపిల్ల తానే తల్లయ్యేంత కాలం! ఒకే మోతాదు విషం పడిన రెండు ఊళ్లలో ఒక ఊరి పాలు బిడ్డకు పట్టొచ్చు, రెండో ఊరి పాలు పారబోయాల్సి రావచ్చు. తేడా అంతా కాళ్ల కింది మట్టిదే.