మాంసం లేని మీట్

1611లో ఇంగ్లండ్‌లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో లేవీయకాండం రెండో అధ్యాయం తీయండి. ‘మీట్ ఆఫరింగ్’ ఎలా సమర్పించాలో అక్కడ ఉంది. మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి, ఉప్పు కావాలి. పొయ్యిలో కాల్చవచ్చు, పెనం మీద చేయవచ్చు. పులిసిన పిండి, తేనె మాత్రం కూడదు. అధ్యాయమంతా వెతికినా మాంసం ముక్క కనిపించదు. మరి ఆ పేరెందుకు వచ్చింది?

అనువాదకులు పొరబడ్డారా? 47 మంది పండితులు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని అది. ఇంత పెద్ద పొరపాటు అందరి కళ్లూ కప్పదు.

మొదటి ఆధారం అదే పుస్తకంలో ఉంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనుషులకు విత్తనాల మొక్కల్నీ, పళ్ల చెట్లనూ ఇస్తాడు. దేనికోసం? ‘మీట్’ కోసం. అక్కడా మాంసం లేదు.

రెండో ఆధారం సంఖ్యాకాండం పదకొండో అధ్యాయం. ఎడారిలో రోజూ మన్నా తిని మొహం మొత్తిన జనం మాంసం కావాలని ఏడుస్తారు. ఇది అసలైన మాంసమే. కానీ ఇక్కడ వాడిన మాట ‘ఫ్లెష్’. అంటే ఆ అనువాదకులు రెండు మాటల్నీ తెలిసే వేరుగా వాడారు.

మూడోది మిఠాయికి ఇంగ్లీషులో నేటికీ ఉన్న పేరు: ‘స్వీట్‌మీట్’. నాలుగోది ఇంగ్లీషుకు చుట్టమైన స్వీడిష్ భాష. అందులో ‘మాట్’ అంటే తిండి, అంతే.

ముడి ఇక్కడ వీడుతుంది. పాత ఇంగ్లీషులో ‘మెటె’ అంటే ఏ ఆహారమైనా సరే. 1300 ప్రాంతం నుంచి అది మాంసానికి కూడా చెల్లింది. కొన్ని శతాబ్దాలు రెండర్థాలూ పక్కపక్కనే నడిచి, చివరికి ఇరుకైన అర్థమే గెలిచింది. 1885 నాటి సవరణ ప్రతిలో ఆ పేరు ‘మీల్ ఆఫరింగ్’గా మారింది. మీల్ అంటే ఇక్కడ పిండి. తెలుగు బైబిల్‌కు ఈ చిక్కే రాలేదు. అందులో అది ‘నైవేద్యము’.

మన ‘కంపు’ సంగతీ ఇంతే. ఒకప్పుడు అది మంచి వాసనకూ చెల్లేది. కన్నడంలో ఇప్పటికీ కంపంటే పరిమళమే. అందుకే పాత పుస్తకంలో ఒక మాట పొసగకపోతే, రాసినవారిది తప్పనే ముందు ఆ మాటకు వాళ్ల కాలంలో ఏ అర్థం ఉండేదో చూడండి.