ఇంగ్లీషు పాఠాల్లోంచి పుట్టిన నాటకం

1948 ప్రాంతంలో, పారిస్‌లో ఉంటున్న యూజీన్ ఇయొనెస్కో ఇంగ్లీషు నేర్చుకుందామని అసిమిల్ వాళ్ల స్వబోధిని ఒకటి పట్టుకున్నాడు. పుట్టింది రొమేనియాలో. వయసు నలభైకి దగ్గరపడింది. నాటకాలంటే పెద్దగా గిట్టేది కాదు. వాక్యాలు నోటికి రావాలని ఒక్కొక్కటే నోట్సులోకి ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. వారానికి ఏడు రోజులు. నేల కింద ఉంటుంది, కప్పు పైన ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే శ్రీమతి స్మిత్ తన భర్తకు తమకు పిల్లలున్నారనీ, ఆయన గుమస్తా అనీ చెబుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదా? రాస్తూ రాస్తూ ఉంటే మాటల్లోంచి అర్థం జారిపోయి ఉత్త పెంకులు మిగిలాయనీ, తనకు కళ్లు తిరిగాయనీ ఆయనే తర్వాత రాసుకున్నాడు.

బతుక్కి ముందే రాసిపెట్టిన అర్థమేదీ లేదన్న ఆలోచన అప్పటికే పారిస్‌లో గట్టిగా వినిపిస్తోంది. కామూ సిసిఫస్ వ్యాసం 1942లో వచ్చింది, సార్త్రే ‘నో ఎగ్జిట్’ 1944లో రంగస్థలమెక్కింది. అయితే వాళ్ల పాత్రలు అసంబద్ధతను గురించి కూడా ఎంతో పొందికగా వాదించుకుంటాయి. ఇయొనెస్కో దగ్గర వాదన లేదు, మాటే చెడిపోతుంది. నా దృష్టిలో అసంబద్ధ నాటకం నిజంగా మొదలైంది ఇక్కడే.

ఆ పాఠాల్లోంచి ఆయన రాసిన నాటకంలో తెర లేవగానే గోడ గడియారం పదిహేడు గంటలు కొడుతుంది. తొమ్మిదయింది అంటుంది శ్రీమతి స్మిత్. స్మిత్‌ల ఇంటికి వచ్చిన మార్టిన్ దంపతులు ఒకరినొకరు ఎక్కడో చూసినట్టుందే అని ఆరా తీసుకుంటారు. ఇద్దరిదీ మాంచెస్టరే. వచ్చింది ఒకే రైల్లో. ఉండేది ఒకే వీధి, ఒకే ఇల్లు, పడుకునేది ఒకే మంచం. అలా తాము భార్యాభర్తలమని తేల్చుకుని కౌగిలించుకుంటారు. వాళ్లు వెతుక్కున్న ఆ రుజువు కూడా తప్పేనని పనిమనిషి వచ్చి ప్రేక్షకులకు చెప్పేస్తుంది! దీన్ని వెకిలిగా కాకుండా గంభీరంగా ఆడించాడు దర్శకుడు నికొలా బతాయ్. అదే సరైన పద్ధతి.

పేరు మాత్రం రిహార్సల్స్‌లో దొరికింది. అగ్నిమాపకాధికారి వేషం కట్టిన నటుడు ‘బంగారు జుట్టు పంతులమ్మ’ అనబోయి పొరపాటున ‘బట్టతల గాయని’ అన్నాడు. ఇయొనెస్కో వెంటనే దాన్నే నాటకానికి పేరు పెట్టేశాడు.

1950 మే 11న నాక్తాంబ్యూల్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన. విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. భాషకు పట్టిన విషాదం రాశాననుకున్న రచయిత, జనం నవ్వుతుంటే ఆశ్చర్యపోయాడు. 1957 నుంచి చిన్న ఉషెత్ థియేటర్‌లో అది దశాబ్దాల పాటు నడిచింది.

ముగింపు ఆయన్ని చాలా తిప్పలు పెట్టింది. చివరికి నాటకం మళ్లీ మొదటికొస్తే చాలనుకున్నాడు. కొన్నాళ్లకు ఇంకో మార్పు చేశాడు: రెండోసారి స్మిత్‌ల కుర్చీల్లో మార్టిన్‌లు కూర్చుని, అవే మాటలు అప్పజెబుతారు. ఎవరు ఎవరైనా ఆ ఇంట్లో తేడా పడదు.