లీపా: రికార్డుకెక్కిన ఊరు

చరిత్ర అంటే పట్టాభిషేకాల పట్టిక అనుకునే మా విద్యార్థులకు నేను లీపా కథ చెబుతుంటాను. క్రొయేషియాలో రియెకా రేవుకు ఎగువన, స్లొవేనియా సరిహద్దు దగ్గర ఉన్న పల్లె అది. 1917లో అక్కడ పుట్టిన ఆడపిల్ల ఊరు కదలకుండానే నాలుగు రాజ్యాల ప్రజ అయ్యేది: ఆస్ట్రియా-హంగరీ, 1920 రపాల్లో ఒడంబడికతో ఇటలీ, 1947 పారిస్ సంధితో యుగోస్లావియా, 1991లో క్రొయేషియా. అయితే ఆమెను బతకనివ్వాలి గదా!

1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోగానే జర్మన్లు ట్రియెస్తు కేంద్రంగా ఆడ్రియాటిక్ తీర యుద్ధమండలాన్ని ఏర్పరచారు. కాగితం మీద అది పాలనావిభాగం పేరు మార్పు, అంతే. 1944 ఏప్రిల్ 30న, పార్టిజాన్లను అణిచే పేరిట, నాజీ సేనలు, వారి ఫాసిస్టు తోడుదొంగలు లీపాలో 269 మందిని చంపారు. వృద్ధులు, స్త్రీలు, పసిపిల్లలు! చాలామందిని ఒకే ఇంట్లోకి తోలి నిప్పంటించారు.

ఆ ఘోరాన్ని సైనికులే ఫొటోలు తీసుకున్నారు. కడగమని ఇలిర్స్కా బిస్త్రిత్సాలోని స్టూడియోలో ఇచ్చారు. అక్కడి పనివాడు రహస్యంగా ఇంకొక ప్రతి తీసి దాచాడు. సర్కారు దస్తావేజులన్నిటికన్నా ఆ దొంగప్రతినే నేను పెద్ద ఆధారమంటాను.

1968లో ఊళ్లో తెరిచిన స్మారక మ్యూజియం 1989లో మూతపడి, 2015లో మళ్లీ తెరుచుకుంది. నడుమ పడిన ఆ తాళం కథను కూడా ఎవరైనా రాయాలి.